కందానికి ఎన్ని నడకలు?

"కందం రాసినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు" అన్న సామెత మీద చర్చలో, కందం నియమాలు బిగువు కాబట్టి అందులో వైవిధ్యానికి చోటు తక్కువన్న మాట వచ్చింది. నాకది ఒప్పుకోబుద్ధి కాలేదండీ. లెక్క కట్టి చూద్దాం.

పద్యాన్ని గురువు (పొడుగ్గా పలికే అక్షరం, U), లఘువు (పొట్టిగా పలికేది, I) అనే రెండే గుర్తులతో నింపే గళ్లుగా చూడండి. అలా నింపే ఒక్కో అమరికే ఒక నడక. కందంలో సగానికి, అంటే మూడు గణాల పాదం, అయిదు గణాల పాదం కలిపి, 8 గణాలు (గురులఘువుల చిన్న గుంపులు); మొత్తం 16. వాడదగ్గవి అయిదు: గగ (UU), భ (UII), జ (IUI), స (IIU), నల (IIII). ఏ నియమమూ లేకపోతే 15,258 కోట్ల పైచిలుకు అమరికలు వస్తాయి.

ఇక నియమాలు. సగంలో బేసి గణం జగణం కారాదు. ఆరోది జ గానీ నల గానీ కావాలి. ఎనిమిదోది గురువుతో ముగియాలి, అంటే గగ లేదా స. నాలుగు పాదాలూ గురువుతోనే మొదలవ్వాలి, లేదా నాలుగూ లఘువుతోనే.

అందరికీ నోటికొచ్చిన పద్యంలో చూడండి: అక్కఱ (భ) కు రాని (జ) చుట్టము (భ) / మ్రొక్కిన (భ) వరమీ (స) ని వేల్పు (జ) మోహర (భ) మున దా (స). జగణం రెండో చోట, ఆరో చోట మాత్రమే ఉంది. రెండో సగంలో ఆరోది "గవలయు", నలం. ఎంత ముచ్చటగా కుదిరిందో!

గురువుతో మొదలైతే సగానికి 2×5×4×2×4×2×4×2 = 5,120. లఘువుతో మొదలైతే, రెండో పాదం మొదలయ్యే నాలుగో గణానికి జ, స, నల మూడూ పనికొస్తాయి కనుక 7,680. రెండు సగాలూ ఒకే తీరున మొదలవ్వాలి కాబట్టి ఒక్కోదాన్ని వర్గం చేసి కూడాలి: 8,51,96,800.

మరి సులువని పేరున్న ఆటవెలది? బేసి పాదంలో మూడు సూర్యగణాలు (ఇవి రెండు రకాలు: III, UI), రెండు ఇంద్రగణాలు (ఇవి ఆరు రకాలు): 8×36 = 288. సరి పాదంలో అయిదు సూర్యగణాలు: 32. మొత్తం పద్యానికి 8,49,34,656. కందమే ఎక్కువ! తేడా 2,62,144, అంటే సరిగ్గా 2ని 18 సార్లు హెచ్చవేసిన సంఖ్య. రెండింటి నిష్పత్తి 325కి 324.

కాబట్టి కందం కష్టమంతా నడకలు తక్కువై కాదు. నాలుగు పాదాలకూ ప్రాస (పాదంలో రెండో అక్షరం కలవడం) కుదరాలి, ఆరో గణానికి తగ్గ మాట అక్కడే పడాలి. కొత్తగా రాసేవాళ్లు తడబడేది ఎక్కువగా ఈ రెండు చోట్లే.

వ్యాఖ్య: బాగుందండీ. కానీ ఆటవెలదిలో గణాల పొడవులు వేరు కదా, రెండు వేర్వేరు గణాల వరుసలు ఒకే గురులఘు క్రమాన్ని ఇస్తే రెండుసార్లు లెక్కపెట్టినట్టు కాదా?

జవాబు: మంచి ప్రశ్న. సూర్యగణాలు రెండూ మూడు మాత్రలవే (లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు), వాటితో పేచీ లేదు. ఇంద్రగణాలు ఆరు: నల (IIII), నగ (IIIU), సల (IIUI), భ (UII), ర (UIU), త (UUI). వీటిలో ఏదీ ఇంకోదానికి మొదటి ముక్కగా రాదు. భ అంటే గురువు, లఘువు, లఘువు. ఆ మూడింటితో మొదలయ్యే ఇంద్రగణం మరొకటి లేదు. అందుకని ఎడమ నుంచి విడదీస్తూ పోతే ప్రతి పాదమూ ఒక్క తీరుగానే విడిపోతుంది.