మిర్చి కొట్టు లెక్కలకు రెండో సర్వరు: ఎలా అమర్చుకోవాలి?

ప్రశ్న – గుంటూరు_గుమాస్తా

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో లెక్కలు చూస్తుంటాను. మాకున్నది ఒకే సర్వరు. ఖాతాలు ట్యాలీలోను, కాటా తూకాలు, రైతుల పట్టీలు (అమ్మకం లెక్క చీటీలు), కోల్డ్ స్టోరేజీలో ఉన్న టిక్కీల (మిర్చి బస్తాల) వివరాలు ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ అనే డేటాబేస్ మీద నడిచే మరో సాఫ్ట్‌వేర్‌లోను ఉంటాయి. సీజనులో ఇది ఒక పూట ఆగినా పట్టీలు చేత్తో రాయవలసి వస్తుంది, డబ్బు కోసం వచ్చిన రైతులు కొట్టులోనే కాచుకుని కూర్చుంటారు. అందువల్ల అచ్చం ఇలాంటిదే మరో సర్వరు కొని, మొదటిదానిలో నమోదైన ప్రతిదీ రెండోదానిలోనూ వెంటనే నమోదయ్యేలా అమర్చాలని మా యజమానిగారి ఆలోచన. ఇప్పటికే సర్వరులో రెండు డిస్కులు రెయిడ్ 1 పద్ధతిలో (ఒకదానిలో రాసింది రెండోదానిలోనూ పడేలా) ఉన్నాయి. రోజూ రాత్రి ఒక బయటి హార్డ్‌డిస్కులోకి నకలు వెళుతుంది. ఆ డిస్కు ఎప్పుడూ సర్వరుకు తగిలించే ఉంటుంది. రెండో సర్వరు వచ్చాక ఆ డిస్కు మానేయవచ్చా?

జవాబు – బెజవాడ_సిస్టమ్స్

మానవద్దండీ. యంత్రం చెడిపోయినా పని ఆగకుండా చూసుకోవడం ఒక అవసరం. లెక్కలు పాడైతే నిన్నటి స్థితికి వెనక్కి వెళ్లగలగడం వేరొక అవసరం. మీ యజమానిగారు చెప్పిన అమరిక మొదటిదాన్ని మాత్రమే తీరుస్తుంది. ఎవరైనా పొరపాటున ఒక రైతు ఖాతా తొలగిస్తే ఆ తొలగింపు కూడా క్షణాల్లో రెండో సర్వరుకు చేరిపోతుంది. రెయిడ్ 1 సంగతీ అంతే: డిస్కు పోతే ఆదుకుంటుంది, తప్పు నమోదైతే రెండు డిస్కుల్లోనూ ఆ తప్పునే భద్రంగా దాస్తుంది.

ఎప్పుడూ తగిలించి ఉన్న మీ హార్డ్‌డిస్కు విషయంలో నాకు ఇంకా ఎక్కువ అభ్యంతరం ఉంది. 2017 మే నెలలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాము) వ్యాపించినప్పుడు మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అటువంటి రాన్సమ్‌వేర్ సర్వరుకు కనిపించే ప్రతి డ్రైవుకూ తాళం వేసేస్తుంది కాబట్టి, నకలు ఉన్న డిస్కు కూడా దానికి దొరికిపోతుంది. అందుకని అసలు సర్వరు నకలును పంపడం కాకుండా, రెండో సర్వరే వచ్చి తీసుకుపోయేలా అమర్చండి. రెండోదాని పాస్‌వర్డు మొదటిదానిలో ఎక్కడా ఉండకూడదు. రెండోదానిలోని ఫోల్డర్లేవీ కొట్టులోని కంప్యూటర్లకు షేర్ చేయకూడదు. వచ్చిన నకలు పాతదాని మీద పడకుండా ప్రతిరోజూ తేదీ పేరుతో వేరే ఫోల్డరులోకి చేరాలి.

నకలు తీసే పద్ధతి కూడా చూసుకోవాలి. ఎస్‌క్యూఎల్ నడుస్తుండగా దాని డేటాబేస్ ఫైలును మామూలుగా కాపీ చేయడం కుదరదు; ముందుగా దాని సొంత బ్యాకప్ ఆదేశంతో ఒక బ్యాకప్ ఫైలు తయారు చేయించి దానినే తీసుకోవాలి. ఎక్స్‌ప్రెస్‌లో ఏజెంట్ (పనులను వేళకు నడిపే భాగం) ఉండదు కాబట్టి, ఆ ఆదేశాన్ని విండోస్ టాస్క్ షెడ్యూలర్ ద్వారా నడిపించాలి. సీజనులో గంటకోసారి, మిగతా రోజుల్లో రాత్రి ఒక్కసారి చాలు. ట్యాలీ ఫోల్డరును మాత్రం అందరూ బయటికి వచ్చేశాకనే కాపీ చేయాలి, లేకపోతే సగం రాసిన లెక్కలు నకలులోకి వస్తాయి.

రెండో యంత్రం అదే ధరలో ఉండనక్కరలేదు. మంచి డెస్క్‌టాపుకు రెండు డిస్కులు, చాలినంత ర్యామ్ వేయించినా ఒక వారం పని గడుస్తుంది. మిగిలిన డబ్బుతో దానికి వేరే యూపీఎస్ కొనండి, ఒక నెట్‌వర్క్ స్విచ్ అదనంగా కొని అలమరలో పెట్టుకోండి. సర్వర్లు రెండూ బాగానే ఉండి, వాటి మధ్య ఉన్న చిన్న స్విచ్ కాలిపోయి వ్యాపారం ఆగిన కొట్లు చాలానే చూశాను.

జవాబు – సింగ్‌నగర్_మందులు

పై జవాబుకు ఒక మాట చేర్చాలి. మాది విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో మందుల పంపిణీ వ్యాపారం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీరు వచ్చినప్పుడు మా వీధిలోని ఒక హోల్‌సేల్ కొట్టులో సర్వరు, బ్యాకప్ యంత్రం ఒకే గదిలో, ఒకే బల్ల కింద ఉన్నాయి. నీరు తీయడానికి రోజులు పట్టింది, రెండూ పోయాయి. పెద్ద సంస్థలకూ ఇది తప్పలేదు: 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటరు కాలిపోయినప్పుడు, బ్యాకప్ కూడా అక్కడే ఉంచిన ఖాతాదారులు కొందరు ఏదీ తిరిగి పొందలేకపోయారు. మీ పాత హార్డ్‌డిస్కును మానేయకుండా, అలాంటిది మరొకటి కొని, ఒకటి కొట్టులో ఉండగా రెండోది యజమానిగారి ఇంట్లో ఉండేలా వారం వారం మార్చుకోండి. దానిలో రైతుల బ్యాంకు ఖాతాల వివరాలు ఉంటాయి కనుక విండోస్‌లోని బిట్‌లాకర్‌తో తాళం వేయండి, ఆ రికవరీ కీ కాగితం మీద వేరేచోట దాచండి.

గుంటూరు_గుమాస్తా

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం మిగిలింది. సర్వరు నిజంగానే పోయిన రోజున రెండోదాన్ని ఆన్ చేస్తే కంప్యూటర్లన్నీ వాటంతట అవే దాని దగ్గరికి వెళతాయా? పాత నకళ్లు ఎన్నాళ్లు ఉంచాలి?

జవాబు – బెజవాడ_సిస్టమ్స్

వాటంతట అవి వెళ్లవు. కంప్యూటర్లన్నింటిలో సర్వరును ఐపీ నంబరుతో కాకుండా ఒక పేరుతో పిలిచేలా పెట్టి, ఆ పేరు ఏ యంత్రాన్ని సూచించాలో రౌటరులో గాని లోపలి డీఎన్‌ఎస్‌లో (పేర్లను ఐపీ నంబర్లతో ముడిపెట్టే పట్టికలో) గాని మార్చుకునే వీలు ఉంచుకోండి. మార్పు మనిషి చేతితోనే జరగాలని నా అభిప్రాయం. మీ స్థాయి కొట్టులో అది దానంతట అదే జరిగేలా పెడితే, కేబులు ఊడినప్పుడు రెండు సర్వర్లూ తామే అసలువి అనుకుని చెరిసగం పట్టీలు రాసుకునే ప్రమాదం ఉంది. ట్యాలీ లైసెన్సు ఒక యంత్రానికే ముడిపడి ఉంటుంది కాబట్టి, దాన్ని రెండోదానికి మార్చే పద్ధతిని మీ ట్యాలీ డీలరును అడిగి, సీరియల్ నంబరుతో సహా ముందే రాసి ఉంచుకోండి.

నకలు తయారైందన్న సందేశం చూసి ఊరుకోవద్దు, దాని నుంచి లెక్కలు తెరిచి చూడండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ ఇంజనీరు ఒకరు వేరే సర్వరు అనుకుని అసలు డేటాబేసును చెరిపేశాక, రోజువారీ బ్యాకప్ చాలాకాలంగా విఫలమవుతున్నదని అప్పుడు బయటపడింది. ఆరోజు సుమారు ఆరు గంటల డేటా పోయింది. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చినప్పుడు ఒక పగలంతా అసలు సర్వరును ఆపి, రెండోదాని మీదనే పట్టీలు తీసి చూడండి.

ఎన్నాళ్లంటే, రోజువారీ నకళ్లు ఒక నెల, నెలాఖరువి ఒక సంవత్సరం ఉంచితే సరిపోతుంది. సంవత్సరాంతపు నకలును మాత్రం, జీఎస్‌టీ చట్టం సెక్షన్ 36 ప్రకారం, ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల వరకు దాచాలి. అప్పీలు గాని వివాదం గాని నడుస్తుంటే అంతకంటే ఎక్కువకాలం అవసరం పడవచ్చు. అటువంటి ఏడాది ఏదైనా ఉంటే మీ ఆడిటరుగారిని అడిగే దాకా తొలగించవద్దు.