పెళ్లి వీడియో ఎక్స్‌పోర్టు: బిట్‌రేటు పెంచితే నాణ్యత పెరుగుతుందా?

పర్లాకిమిడి ఎడిటరు:
పోయిన వారం పాతపట్నంలో జరిగిన ఒక పెళ్లి వీడియోను సెకనుకు 50 మెగాబిట్ల స్థిర బిట్‌రేటుతో, అంటే ప్రతి సెకను వీడియోకూ అంతే డేటా వాడేలా, ఎక్స్‌పోర్టు చేస్తే రెండున్నర గంటల ఫైలు 56 జీబీ అయింది. పెళ్లివారు ఇచ్చిన 32 జీబీ పెన్‌డ్రైవులో అది పట్టలేదు. 8 మెగాబిట్లకు తగ్గించి మళ్లీ ఇచ్చాను. మరునాడు పెళ్లికూతురి మేనమామగారు ఫోన్ చేసి, తలంబ్రాల ఘట్టంలో ముఖాలు గళ్లు గళ్లుగా కనిపిస్తున్నాయని బాధపడ్డారు. ఆయన చెప్పింది నిజమే. ఫైలు చిన్నదిగా, బొమ్మ శుభ్రంగా ఉండాలంటే ఏ అంకె పెట్టాలో అనుభవజ్ఞులు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

రాయగడ స్టూడియో:
మీరు మొదట చేసిందే సరైన పని. పెళ్లి మళ్లీ మళ్లీ జరిగేది కాదు. మన కెమెరా 100 మెగాబిట్లతో తీసినదాన్ని 50కి దించడమే ఎక్కువ; అంతకన్నా దించకూడదని నా అభిప్రాయం. పెద్ద పెన్‌డ్రైవు కొనిపించండి.

బరంపురం ఎడిటరు:
రాయగడ వారితో నేను ఏకీభవించలేను. ఫైలు ఎంత పెద్దదవుతుందో నిర్ణయించేవి బిట్‌రేటు, నిడివి మాత్రమే. సెకనుకు 8 మెగాబిట్లంటే ఒక మెగాబైటు, రెండున్నర గంటలంటే 9,000 సెకన్లు, కాబట్టి 9 జీబీ. బిట్‌రేటు అదే ఉంటే, బొమ్మ సైజు 4కే పెట్టినా, చిన్నదైన 720 పెట్టినా ఆ లెక్క మారదు. అవే బిట్లను ఎన్ని పిక్సెళ్లు పంచుకోవాలన్నదే మారుతుంది.

అసలు చిక్కు ఆ బిట్లను పంచే తీరులో ఉంది. పురోహితులు మంత్రాలు చదువుతున్నంతసేపూ మండపం దాదాపు కదలదు. ఎన్‌కోడరు, అంటే వీడియోను కుదించే సాఫ్ట్‌వేరు, మునుపటి ఫ్రేముతో పోల్చి తేడాను మాత్రమే రాసుకుంటుంది కనుక అక్కడ 4 మెగాబిట్లు కూడా సరిపోతాయి. తలంబ్రాలు మొదలైతే వందల గింజలు తలా ఒక దిక్కుకు ఎగురుతాయి, వాటి మధ్య థర్మాకోల్ గుండ్లు, మెరుపు కాగితాలు. మునుపటి ఫ్రేము నుంచి తెచ్చుకోదగినది ఏమంత మిగలదు. గండాహతి జలపాతం దగ్గర తీసే ప్రీవెడ్డింగ్ వీడియోల్లో నీటి తుంపరల వెనుక ముఖం చెదిరిపోవడానికీ ఇదే కారణం. స్థిర బిట్‌రేటు పెడితే మండపానికీ తలంబ్రాలకూ ఒకే వాటా దక్కుతుంది. రెండు పాస్‌ల వేరియబుల్ బిట్‌రేటు పెడితే, ఎన్‌కోడరు మొదటిసారి వీడియో అంతా చూసి కష్టమైన చోట్లు గుర్తుపెట్టుకుని, రెండోసారి వాటికి ఎక్కువ కేటాయిస్తుంది. సగటు 10, గరిష్ఠం 25 పెట్టి చూడండి. 11 జీబీకి కాస్త పైన వస్తుంది. శబ్దం జోలికి మాత్రం వెళ్లకండి. 192 కిలోబిట్ల శబ్దం ఈ నిడివికి 216 మెగాబైట్లే. దాన్ని తగ్గించి మిగిల్చేదేమీ లేదు, సన్నాయి మాత్రం పాడవుతుంది.

గుణుపురం నుంచి:
హెచ్.265 అనే కుదింపు పద్ధతి పెడితే దాదాపు సగం బిట్‌రేటుకే అదే నాణ్యత వస్తుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. అది 2013లో వచ్చిన ప్రమాణం. మా వైపు చాలా ఇళ్లలో ఉన్న పాత టీవీలలో ఆ ఫైలు ఆడదు. పెన్‌డ్రైవు ఫ్యాట్32 ఫార్మాటులో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు అందులో ఎక్కనే ఎక్కదు. అందుకని నేను దానికన్నా పాతదైన హెచ్.264లోనే, స్నాతకం, ముహూర్తం, అప్పగింతలు అని భాగాలుగా విడదీసి ఇస్తాను.

రాయగడ స్టూడియో:
బరంపురం వారి లెక్క ఒప్పుకుంటాను, కానీ ఒక్క మాట అడుగుతాను. కెమెరా మెమరీ కార్డుల అసలు కాపీలను మనం ఎన్నాళ్లు దాచగలం? నా దగ్గర ఏడాది తిరిగేసరికి హార్డ్‌డిస్కులు నిండిపోతాయి, పాతవి చెరపక తప్పదు. ఆ తరువాత పెళ్లివారి దగ్గరున్నదే అసలు ప్రతి. పదేళ్లకు వాళ్లు దానిని మళ్లీ ఎడిట్ చేయించుకోవాలనుకుంటే, ఒకసారి కుదించిన 10 మెగాబిట్ల ఫైలును ఇంకోసారి కుదించవలసి వస్తుంది, ప్రతిసారీ కొంత పోతుంది.

బరంపురం ఎడిటరు:
ఈ మాట న్యాయమైనది. నేను టీవీలో చూసే ప్రతి గురించే ఆలోచించాను, దాచుకునే ప్రతి గురించి ఆలోచించలేదు. అయితే 15 మెగాబిట్లతో ఫోన్‌లో తీసిన క్లిప్పును 50తో ఎక్స్‌పోర్టు చేసినంత మాత్రాన లేని వివరం పుట్టదని మాత్రం గమనించాలి.

పర్లాకిమిడి ఎడిటరు:
తలంబ్రాల రెండు నిమిషాలను మూడు విధాలుగా తీసి మా 43 అంగుళాల టీవీలో చూశాను. స్థిర 8లో గళ్లు వచ్చాయి. సగటు 10, గరిష్ఠం 25 పెట్టిన దానిలో బొమ్మ ఆపి దగ్గరికి వెళ్లి చూస్తే గింజల అంచుల్లో కొద్దిపాటి మసక ఉంది, నడుస్తుండగా కనిపించలేదు. అయితే ఆ రెండు నిమిషాలే విడిగా తీస్తే సగటు 10 దాటనివ్వదు కనుక, వీడియో మొత్తాన్ని ఎక్స్‌పోర్టు చేసి ఆ ఘట్టాన్ని చూశాను. 50కీ దీనికీ తేడా మా ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు.

టీవీ ప్రతిని నాలుగు భాగాలుగా చేసి ఈ ఉదయం బస్సులో పాతపట్నం పంపాను. 50 మెగాబిట్ల ప్రతిని నా హార్డ్‌డిస్కులో ఉంచి, మరో డిస్కు తెచ్చుకుంటే ఎక్కించి ఇస్తానని మేనమామగారికి చెప్పాను. ఆదివారం వస్తామన్నారు.