ఉన్నట్టుండి బిగుసుకుపోయి రీస్టార్ట్ అవుతున్న సిస్టమ్: మీకూ ఇలా అయిందా?

ఉప్పల్_రూటు:
అసెంబుల్డ్ సిస్టమ్, కొని నాలుగేళ్లు. 12వ తరం ఐ5, రెండు 8 జీబీ ర్యాములు, గ్రాఫిక్స్ కార్డు లేదు. నెల రోజులుగా ఏడిపిస్తోంది. ఒక్కోసారి స్క్రీన్ బిగుసుకుపోతుంది, మౌస్ కదలదు, పాట పెట్టి ఉంటే ఒకే ముక్క జర్రుమని మోగుతూనే ఉంటుంది. ఒక్కోసారి ఏమీ చెప్పకుండా టప్పున ఆరిపోయి మళ్లీ తనే ఆన్ అవుతుంది. విండోస్ కొత్తగా వేశాను, అదే కథ. ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నెల్-పవర్ 41 అని ఉంది. ఏం మార్చమంటారు? మూడు వేలు దాటితే ఇంట్లో ఊరుకోరు. అన్నట్టు, క్యాబినెట్‌కు చెయ్యి తగిలితే సన్నగా జివ్వుమంటోంది, అది మామూలేగా?

పార్క్‌లేన్_పాతకాపు:
41 చూసి అందరూ కంగారు పడతారు. 'సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే ఆరిపోయాను' అని విండోస్ మళ్లీ లేచాక రాసుకునే డైరీ అది, అంతే. ఎందుకు ఆరిపోయిందో అందులో ఉండదు. చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పదిహేడేళ్లు స్క్రూడ్రైవర్ పట్టినవాణ్ణి చెబుతున్నా, తప్పు ఎస్‌ఎంపీఎస్‌ది, అంటే లోపలి భాగాలకు కరెంటు మార్చి ఇచ్చే డబ్బాది. క్యాబినెట్‌తో పాటు ఫ్రీగా వచ్చిందేనా? ఊడదీసి చేత్తో తూచి చూడండి. 450 వాట్స్ అని స్టిక్కర్ ఉంటుంది, ఎండుకొబ్బరి చిప్పంత బరువుండదు. జివ్వుమనడానికి టెన్షన్ వద్దు, మన ఊళ్లో సగం ఇళ్లలో అంతే. నేను చెప్పులేసుకుని పని చేస్తా.

సర్క్యూట్_అక్క:
పదిహేడేళ్ల అనుభవం చివరికి చెప్పులేసుకోమంటోందా? జివ్వుమంటే ఆ సాకెట్‌కు ఎర్త్ లేదని. ఎస్‌ఎంపీఎస్‌లోకి కరెంటు వచ్చే చోట రెండు చిన్న కెపాసిటర్లు బాడీకి కలిపి ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కాస్త లీకేజీ అటు పోతుంది. లేకపోతే బాడీ మీద 230 వోల్టుల్లో సగం నిలబడుతుంది, మీటర్ పెడితే 110 దాకా చూపిస్తుంది. ఆంపియర్లు చాలా తక్కువ కాబట్టి ఇప్పటికి జివ్వుతో సరిపోతోంది. లోపల ఫేజు తెగి బాడీకి తగిలిన రోజు దాంతో ఆగదు. ఇంట్లో పిల్లలున్నారా?

బోడుప్పల్_వైరింగ్:
అదే అక్కా, రీస్టార్ట్ కూడా దానివల్లే. ఎర్త్ లేకపోతే కరెంటు నిలకడగా రాదు. మా వీధిలో రెండిళ్లలో ఎర్త్ గుంత తవ్వించి ఉప్పు, బొగ్గు వేసి నాలుగు బిందెలు నీళ్లు పోయించా. తర్వాత ఒక్క కంప్లయింట్ లేదు.

సర్క్యూట్_అక్క:
కాదు తమ్ముడూ. ఎర్త్ మనిషి ప్రాణానికి. సిస్టమ్ నడవడానికి ఫేజు, న్యూట్రల్ చాలు.

బోడుప్పల్_వైరింగ్:
మరి మా వీధిలో ఎలా బాగయిందో మీరే చెప్పండి.

సర్క్యూట్_అక్క:
బోర్డు విప్పినప్పుడు లూజుగా ఉన్న న్యూట్రల్ కూడా బిగించి ఉంటావు. పేరు ఉప్పుకు వచ్చింది.

పార్క్‌లేన్_పాతకాపు:
థియరీ వేరు, టేబుల్ మీద విప్పిన స్క్రూలు వేరు. మీరు ఎన్ని సిస్టమ్‌లు బాగుచేశారో చెప్పండి, తర్వాత మాట్లాడదాం.

సర్క్యూట్_అక్క:
లెక్క పెట్టలేదు. అయితే ఒక్క కస్టమర్‌కూ చెప్పులు అమ్మలేదు.

కొత్తపేట_మౌనం:
ఫ్రీజు, రీస్టార్టు ఒకే జబ్బని ఎవరన్నారు? బయోస్‌లో (మదర్‌బోర్డులోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్‌లో ఉంటే తీసేయండి. అయినా తగ్గకపోతే ఒక ర్యామ్ పీకి మూడు రోజులు నడపండి, తర్వాత అది పెట్టి ఇది పీకండి. ఓపికుంటే పెన్‌డ్రైవ్‌లో ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 వేసి రాత్రంతా వదిలేయండి.

నల్లకుంట_నైట్‌షిఫ్ట్:
ఇంటెల్ అని చెప్పగానే అర్థమైపోయింది. 13, 14 తరాల్లో ప్రాసెసర్‌కు వోల్టేజీ ఎక్కువ వెళ్లి చెడిపోతున్నాయని 2024లో కంపెనీయే ఒప్పుకుంది. బయోస్ అప్‌డేట్ ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. క్లెయిమ్ చేయండి.

కొత్తపేట_మౌనం:
ఆయనది 12.

నల్లకుంట_నైట్‌షిఫ్ట్:
ఓ, సారీ. అయినా బయోస్ అప్‌డేట్ చేస్తే పోయేదేముంది?

పార్క్‌లేన్_పాతకాపు:
పోయేదేముందా! అప్‌డేట్ మధ్యలో ఈ సిస్టమ్ రీస్టార్ట్ అయితే మదర్‌బోర్డే పోతుంది. టప్పున ఆరిపోయే సిస్టమ్‌కు బయోస్ ముట్టుకోమని చెప్పేవాళ్లను ఇక్కడే చూస్తున్నా.

అల్వాల్_అమ్మ:
మా ఇంట్లోనూ ఇదే గొడవ. మావారు ర్యామ్ మార్చారు, ఫ్యాన్ మార్చారు, చివరికి నన్ను అనుమానించారు, సీరియళ్లు ఎక్కువ చూస్తున్నానని. నేను గోడ మీద క్యాలెండర్‌లో ఆరిపోయిన టైమల్లా పెన్సిల్‌తో రాశాను. పొద్దున 6:10, సాయంత్రం 5:40, మళ్లీ 6:10. అది మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ బోరు మోటార్ వేసే టైము! మోటార్ ఎత్తుకునేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుందట. లైటు ఒక్క క్షణం గుడ్డిగా అవడం నాకు తెలుసు కానీ ఈ రెండూ కలపలేదు.

సర్క్యూట్_అక్క:
అమ్మా, మీ పెన్సిల్ మా మీటర్ల కంటే నయం. ఆ క్షణం పాటు సిస్టమ్‌ను మోయాల్సింది ఎస్‌ఎంపీఎస్‌లోని పెద్ద కెపాసిటర్. మంచిదైతే కరెంటు పూర్తిగా పోయినా ఓ 16 మిల్లీసెకన్లు లాగుతుంది. చవకది, పాతబడింది లాగలేదు.

పార్క్‌లేన్_పాతకాపు:
ఎస్‌ఎంపీఎస్ అని మొదట ఎవరన్నారో పైకెళ్లి చదవండి.

మలక్‌పేట_మజ్జిగ:
మా దాంట్లో ఎస్‌ఎంపీఎస్ విప్పితే ఎండిన బల్లి వచ్చింది. వెనక మూత పెట్టుకోండి అందరూ.

చింతల్_చార్జర్:
నా ల్యాప్‌టాప్ చార్జర్ పెడితేనే టచ్‌ప్యాడ్ ఎగురుతోంది, ఇది కూడా ఎర్తేనా?

బోడుప్పల్_వైరింగ్:
ఎర్తే.

సర్క్యూట్_అక్క:
ఈసారి ఎర్తే కావచ్చు.

ఉప్పల్_రూటు:
వారం తర్వాత వచ్చాను, క్షమించాలి. మౌనంగారు చెప్పినట్టు ర్యాములు విడదీశాను. ఒకదానితో మూడు రోజులు గుట్టుగా నడిచింది. రెండోదాన్ని అదే స్లాట్‌లో పెట్టాక ఇరవై నిమిషాల్లో బిగుసుకుపోయింది. దాని బిల్లు ఎక్కడుందో తెలీదు, 8 జీబీతోనే నడిపిస్తున్నా. రీస్టార్ట్ మాత్రం పోలేదు. అల్వాల్ అమ్మగారిలా టైము రాశాను, మోటార్‌తో కలవలేదు. నిన్న కరెంటు పోయింది, వెంటనే సిస్టమ్ కూడా పోయింది. అప్పుడు అనుమానమొచ్చి యూపీఎస్ ప్లగ్ పీకి చూశా, ఒక్క సెకను కూడా ఆగలేదు.

పార్క్‌లేన్_పాతకాపు:
యూపీఎస్ ఉందా?! ఆ ముక్క మొదటి పోస్టులో ఉండొద్దా?

ఉప్పల్_రూటు:
కరెంటు పోకుండా చూసేది అదే కదా సార్, దాన్నెలా అనుమానిస్తాం? సిస్టమ్‌తో పాటే కొన్నాను, 600 వీఏ.

పార్క్‌లేన్_పాతకాపు:
నాలుగేళ్ల బ్యాటరీ అంటే అది రాయి. లైను కాస్త తగ్గగానే యూపీఎస్ బ్యాటరీకి మారుతుంది, అక్కడేమీ లేదు, టప్. 12 వోల్టుల 7 ఏహెచ్ వేయించండి, వెయ్యి చిల్లర అవుతుంది. కోఠీ గుజరాతీ గల్లీలో అడగండి. పాతది ఇస్తే కొంత తగ్గిస్తారు, చెత్తబుట్టలో వేయకండి.

సర్క్యూట్_అక్క:
సాకెట్ విప్పించారా?

ఉప్పల్_రూటు:
విప్పించాను అక్కా. ఆకుపచ్చ వైరు ఉంది. కొస మడిచి టేపు చుట్టి, డబ్బాలో వెనక్కి తోసేశారు.

బోడుప్పల్_వైరింగ్:
గుంతలో నీళ్లు పోయండి.