శరణార్థులా, కాందిశీకులా? క్యాంప్ నెల్సన్ చరిత్రలో ఒక మాట

అమెరికా అంతర్యుద్ధం గురించి అనువాదం చేస్తున్న సభ్యురాలు ఒకరు ఇక్కడ అడిగారు: కెంటకీ రాష్ట్రంలోని క్యాంప్ నెల్సన్‌కు చేరిన నల్లజాతి స్త్రీలను, పిల్లలను శరణార్థులు అనాలా, కాందిశీకులు అనాలా? రెండూ ఒకటే, ఏది రాసినా ఫరవాలేదని కొందరు జవాబిచ్చారు. నాకు మాత్రం ఒకటి కాదనిపిస్తుంది. అక్కడ జరిగింది తెలిస్తే ఎందుకో మీకే అర్థమవుతుంది.

శరణార్థి అంటే శరణు కోరేవాడు. కోరేవాడున్నాడంటే ఎదుట ఇచ్చేవాడో, ఇవ్వననేవాడో కూడా ఉంటాడు. కాందిశీకుడు అన్న మాట సంస్కృతంలోని ‘కాం దిశం’ నుంచి వచ్చిందంటారు, అంటే ‘ఏ దిక్కుకు పోను’ అని. ఇందులో ఆ పోయేవాడు తప్ప ఇంకెవరూ లేరు. బర్మా నుంచి కట్టుబట్టలతో తిరిగొచ్చిన మన తెలుగువాళ్లను బర్మా కాందిశీకులనే అన్నారు. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది.

ఇక క్యాంప్ నెల్సన్. 1863లో యూనియన్ (ఉత్తరాది ప్రభుత్వ) సైన్యం తూర్పు టెనెసీ మీదికి వెళ్లడానికి కెంటకీ నది ఒడ్డున దీన్ని కట్టింది. పేరు చూసి నాలుగు గుడారాలు ఊహించుకోకండి. సుమారు 4,000 ఎకరాలు, 300 దాకా కట్టడాలు: గిడ్డంగులు, బండ్లు బాగుచేసే షెడ్లు, గుర్రపుశాలలు, రొట్టెల బట్టీ, పది వార్డుల ఆసుపత్రి. నది నీటిని ఆవిరి యంత్రంతో పైకి తోడి గొట్టాల్లో పంపేవారు. అందుకే దీన్ని ఉత్త శిబిరం అంటే చిన్నబోతుంది. పేరును క్యాంప్ నెల్సన్ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘సైనిక స్థావరం’ అని చేర్చండి.

1864లో ఇక్కడ నల్లవాళ్లను సైన్యంలో చేర్చుకోవడం మొదలైంది. మొత్తం 10,000 మందికి పైగా చేరారు. చేరిన రోజునుంచి ఆ మగవాడు స్వేచ్ఛాజీవి. భార్యాబిడ్డలు మాత్రం బానిసలే. అధ్యక్షుడు లింకన్ ఇచ్చిన బానిస విముక్తి ప్రకటన యూనియన్ మీద తిరుగుబాటు చేసిన దక్షిణాది ప్రాంతాలకే వర్తించింది. కెంటకీ యూనియన్‌లోనే ఉండిపోయింది కాబట్టి అక్కడ బానిసత్వం చట్టబద్ధంగానే కొనసాగింది. భర్త సైన్యంలో చేరాడన్న కోపంతో యజమానులు ఆడవాళ్లను కొట్టారు, వెళ్లగొట్టారు. వాళ్లు పిల్లల్ని తీసుకుని స్థావరానికి వచ్చి గుడిసెలు వేసుకున్నారు. అధికారులు వాళ్లను తరిమేస్తూనే ఉన్నారు.

1864 నవంబరు చివర్లో, ఎముకలు కొరికే చలిలో, స్థావరం అధికారి జనరల్ స్పీడ్ ఫ్రై ఆదేశంతో దాదాపు 400 మందిని బండ్లెక్కించి బయటికి తోలారు. గుడిసెలు నాశనం చేశారు. వాళ్లలో 102 మంది చనిపోయారు. జోసెఫ్ మిల్లర్ అనే సైనికుడు ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలం ఇప్పటికీ ఉంది. అతని ఏడేళ్ల కొడుకు అప్పటికే జబ్బుతో ఉన్నాడు. ఈ చలికి బయటికి పంపితే బతకడని కాపలావాడికి చెప్పాడు. బండెక్కకపోతే అందరినీ కాల్చేస్తానని కాపలావాడు అతని భార్యను బెదిరించాడు. ఆ రాత్రి మిల్లర్ ఆరు మైళ్ల దూరంలోని నికొలస్‌విల్‌లో, నల్లవాళ్ల ప్రార్థనా మందిరంలో కుటుంబాన్ని కనుక్కునేసరికి పిల్లవాడు పోయాడు. డ్యూటీకి రాత్రే వెనక్కి రావాలి. తెల్లారి మళ్లీ నడిచి వెళ్లి, తన చేత్తోనే గొయ్యి తవ్వి బిడ్డను పూడ్చాడు. 1865 జనవరిలో మిల్లరూ చనిపోయాడు.

ఈ ఘట్టంలో ‘శరణార్థులను పంపించివేశారు’ అని రాస్తే ఏదో కార్యాలయం దరఖాస్తు తిరస్కరించినట్టుంటుంది. వెనక్కి పోతే యజమాని, ఇక్కడ తుపాకి. ఏ దిక్కుకు పోవాలి? ఇక్కడ కాందిశీకులు అనే రాయాలి. ఈ విషయంలో నాకు సందేహం లేదు.

అయితే పుస్తకమంతా అదే మాట వాడమనను. ఈ వార్త పత్రికలకెక్కాక ఉత్తరాదిలో గగ్గోలు పుట్టింది. సైన్యం నిర్ణయం మార్చుకుని వాళ్లకోసం అక్కడే ఒక వసతి కేంద్రం కట్టింది. కుటీరాలు, భోజనశాల, బడి వచ్చాయి. పాస్టర్ జాన్ ఫీ అందులో చాలా పాటుపడ్డారు. అక్కడినుంచి శరణార్థులు అన్న మాట సరిపోతుంది. ‘రెఫ్యూజీ హోమ్’ అన్న ఆ కేంద్రం పేరులోనూ అదే అర్థం ఉంది.

వ్యాఖ్యల్లో ఇంకొకరు ‘మాజీ బానిసలు’ అంటే సరిపోదా అన్నారు. తేదీ చూసుకుని వాడాలండీ. సైనికుల భార్యాబిడ్డలకు స్వేచ్ఛనిచ్చిన చట్టం 1865 మార్చి 3న వచ్చింది. నవంబరులో బండ్లెక్కించిననాటికి వాళ్లు చట్టం లెక్కలో ఇంకా ఒకరి ఆస్తే. ‘మాజీ’ అంటే ఆ ఘోరానికి కారణమే కనబడకుండా పోతుంది. అక్కడ ‘సైనికుల కుటుంబాలు’ అనండి, అది ఎప్పటికీ నిజమే.

బర్మా నుంచి వచ్చిన కుటుంబాలవాళ్లు ఈ గుంపులో ఉంటే, మీ ఇళ్లలో పెద్దలు తమను తాము ఏ మాటతో చెప్పుకునేవారో రాయండి. అనువాదం అచ్చుకు వెళ్లేలోపు తెలిస్తే ఆవిడకు ఉపయోగం.