అడంగల్లో కౌలు రైతు కనపడడు. ఎమ్మే ప్రాజెక్టుకి ప్రభుత్వ లెక్కలు వాడొచ్చా?

గోదారిగట్టు_22:
ఎమ్మే సోషియాలజీ రెండో ఏడాది. అమలాపురం దగ్గర మా మండలంలో కౌలు సేద్యం మీద ప్రాజెక్టు చేస్తున్నాను. మా గైడ్ "ముందు అధికారిక లెక్కలు చూడు, ఫీల్డు తర్వాత" అన్నారు. సరే అని అడంగల్ (ఏ చేను ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారని రాసే ఊరి రెవెన్యూ రికార్డు) తీస్తే పట్టాదారు, అంటే ఓనరు గడిలోనూ, అనుభవదారు, అంటే సాగు చేసేవాడి గడిలోనూ ఒకటే పేరు, పేజీలకి పేజీలు అంతే. ఆ పేర్లవాళ్ళలో సగం మంది హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నారు, సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) రెండూ చేసేది వేరేవాళ్ళని ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు. ఇలాంటి లెక్కలతో చాప్టర్ రాయడానికి మనసొప్పట్లేదు. పక్కన పెడితే వైవాలో "నువ్వు తిరిగిన నాలుగూళ్ళ మాట మేమెందుకు నమ్మాలి" అంటారని టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?

పాత_కరణం_గారబ్బాయి:
రెవెన్యూలో చేసి రిటైరయ్యాను. ఆ గడి అలా ఉండటానికి రాసేవాడి బద్ధకం కొంత, కానీ అసలు కారణం భయం. 1956 కౌల్దారీ చట్టం దగ్గర్నుంచీ, కౌలుదారు పేరు కాగితమెక్కితే భూమి చెయ్యి జారుతుందని ఓనర్లకి బెంగ. అందుకే అంతా నోటిమాట మీదే, ఎకరానికి ఇన్ని బస్తాలని, కొంతమందైతే ఏడాది తిరిగేసరికి మనిషినే మార్చేస్తారు. 2011లో కౌలుదార్లకి బ్యాంకు అప్పు కోసం రుణ అర్హత కార్డులన్నారు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది, 11 నెలల ఒప్పందం రాసుకుంటే సాగు హక్కు కార్డు ఇస్తారు, దానికి ఓనరు సంతకం కావాలి. పెట్టేదెవరండీ? కాబట్టి ఈ కార్డుల సంఖ్య చూసి మండలంలో కౌలుదార్లు ఇంతమందేనని రాసెయ్యకండి, సంతకానికి ఒప్పుకున్న ఓనర్లు ఎంతమందో అది చెప్తుంది, అంతవరకే. వ్యవసాయ గణన కూడా మన దగ్గర ముఖ్యంగా ఈ రికార్డుల మీదే నడుస్తుంది కాబట్టి ఇదే లోటు అందులోకీ పోతుంది.

శాంపిల్_సైజు:
అన్ని ప్రభుత్వ లెక్కల్నీ ఒకే గాటన కట్టకండి. జాతీయ నమూనా సర్వే 77వ విడత 2019లో జరిగింది. వాళ్ళు ఇంటికెళ్ళి మీరు ఏ భూమి చేస్తున్నారని అడుగుతారు, ఓనరు సంతకంతో పని లేదు. అందులో దేశం మొత్తం మీద 17.3 శాతం కమతాల్లో కౌలు భూమి తేలితే ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం తేలింది. అదీ ప్రభుత్వం లెక్కే, అడంగలూ ప్రభుత్వం లెక్కే. రెండూ ఎందుకు పొసగట్లేదో రాయండి, చాప్టర్ దానంతటదే వస్తుంది.

చిక్కేంటంటే అది శాంపిల్ సర్వే, మీ మండలానికి అంచనా ఇవ్వదు. ఊరి స్థాయి దాకా వచ్చేది జనగణన, కౌలుకి చేసేవాణ్ణి కూడా అందులో సాగుదారుగానే రాయాలి, కాకపోతే సొంతదారునీ కౌలుదారునీ ఒకే గడిలో కలిపేస్తారు, పైగా చేతిలో ఉన్నది 2011ది. కోనసీమ జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్లో, అంటే పాత తూర్పు గోదావరి పట్టికల్ని మండలాలవారీగా తీసి మళ్ళీ కూడుకోవాలి. చికాకు పనే. అయినా దేశంలో గడప గడపా తిరిగే ఖర్చు ఏ యూనివర్సిటీ పెట్టగలదు చెప్పండి? మనకి ఫ్రీగా వస్తోంది కాబట్టి తిడుతున్నాం.

ఏటిఒడ్డు_మనిషి:
గడి మారిస్తే ఏమవుతుందో చూడాలంటే జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) ఆత్మహత్యల రిపోర్టులు చూడు తమ్ముడూ. దేశం మొత్తం మీద రైతుల ఆత్మహత్యలు 2013లో 11,772, 2014లో 5,650. ఒక్క ఏడాదిలో సగానికి సగం! ఏం మారిందంటే, 2014 నుంచి వ్యవసాయ కూలీలని విడిగా చూపించారు, ఆ గడిలో 6,710 మంది. కలిపితే 12,360. కౌలుకి చేసేవాళ్ళకి రైతుల కిందే ఒక ఉపగడి ఉంది, నిజమే, కానీ చనిపోయినాయన పేరున ఏ కాగితమూ లేకపోతే స్టేషన్లో రాసేవాడు కౌలు రైతు అని వేస్తాడా, కూలీ అని వేస్తాడా? 1897లో ఫ్రెంచి సోషియాలజిస్టు దుర్ఖైమ్ ఆత్మహత్యల మీద పుస్తకమంతా అధికారిక లెక్కలతోనే కట్టాడు, తర్వాతివాళ్ళు ఆయన్ని నిలదీసింది కూడా ఇందుకే, ఆ చావుని ఆత్మహత్యగా తేల్చిందెవరు, దేన్ని చూసి అని. వైవాలో ఈ పాయింటు పనికొస్తుంది.

దాళ్వా_కుర్రాడు:
మా నాన్న కౌలుకే చేస్తారు, రావులపాలెం వైపు. ఇంటికెళ్ళి అడిగితే నిజం వచ్చేస్తుందని పైనాయన అంటున్నారు గానీ, ఓనరు తాలూకు మనిషి అరుగు మీద కూర్చునుంటే "అబ్బే, కౌలేంటండీ, ఊరికే చూసిపెడుతున్నాం" అంటాం మేమే. ఆ 42.4 కూడా తక్కువేనని నా అనుమానం. నువ్వు వెళ్ళినప్పుడు కౌలా సొంతమా అని అడక్కు. ధాన్యం డబ్బులు ఎవరి ఖాతాలో పడ్డాయి, ఈ-పంటలో (ఎవరు ఏ పంట వేశారని ప్రభుత్వం ఆన్‌లైన్లో రాసే నమోదు) ఎవరి పేరుంది, పోయిన తుపాను పరిహారం ఎవరు తీసుకున్నారు, ఎరువులకి అప్పు ఎక్కడ తెచ్చారు అని అడుగు. మగవాళ్ళు తప్పించుకున్నా అప్పు సంగతి ఆడవాళ్ళు చెప్పేస్తారు.

గోదారిగట్టు_22:
చాలా థాంక్సండీ అందరికీ. అడంగల్ గడినీ 42.4నీ పక్కపక్కన పెట్టి గైడ్‌కి చూపిస్తాను. ఈ-పంట జాబితా స్టూడెంట్‌కి ఇస్తారా?

పాత_కరణం_గారబ్బాయి:
అడిగితే ఇచ్చినా ఇవ్వకపోయినా, సామాజిక తనిఖీ కోసం గోడకి అంటిస్తారు, ఆ రోజుల్లో వెళ్ళి చూసుకోండి. మీ రిపోర్టులో మాత్రం కౌలుదార్ల పేర్లు, సర్వే నంబర్లు వెయ్యకండి బాబూ. ఓనర్ల కంట పడితే వచ్చే సార్వాకి వాళ్ళకి ఆ చేను ఉండదు.