టెస్టులు తగ్గించే సాఫ్ట్‌వేర్ పెట్టమంటున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

ఐటీ_దిల్‌సుఖ్‌నగర్:
అందరికీ నమస్తే. దిల్‌సుఖ్‌నగర్ సైడ్ 60 బెడ్ల ఆస్పత్రిలో ఐటీ చూస్తుంటాను. డాక్టర్ టెస్టో మందో రాస్తున్నప్పుడే కంప్యూటర్ ఇది అవసరమా, మొన్ననే చేశారు కదా అని గుర్తుచేసే సిస్టమ్ పెట్టాలి, దాంతో ఖర్చు తగ్గాలి అని మా ఎండీ సార్ పట్టుబట్టారు. క్లినికల్ డెసిషన్ సపోర్ట్ అంటారు కదా, అదే. నాకైతే మంచి పనే అనిపిస్తోంది, ఎందుకంటే పోయినేడాది మా నాన్నకి ఇంకో ఆస్పత్రిలో పదిహేను రోజుల్లో రెండుసార్లు హెచ్‌బీఏ1సీ చేశారు, ఆ టెస్టు చెప్పేదే రెండు మూడు నెలల షుగర్ సగటు, పదిహేను రోజులకి అందులో ఏం మారుతుంది చెప్పండి. కానీ మా దగ్గర సీనియర్ డాక్టర్లు మాకు కంప్యూటర్ వైద్యం నేర్పుతుందా అంటున్నారు. వాడినవాళ్లు ఉంటే చెప్పండి ప్లీజ్.

డ్యూటీ_డాక్టర్:
వాళ్ల కోపంలో న్యాయం ఉంది బ్రదర్. నేను ఇంతకుముందు చేసినచోట ఏ మందు రాసినా మూడు నాలుగు పాపప్‌లు వచ్చేవి, పారాసిటమాల్‌కి కూడా. ఓపీలో బయట అరవై మంది కూర్చుని ఉంటే ఎవరు చదువుతారు, చూడకుండా ఓకే కొట్టేయడం అలవాటైపోయింది. ఒకరోజు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్న పెద్దాయనకి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాశాను, రెండూ కలిస్తే రక్తం మరీ పల్చబడి బ్లీడింగ్ అవ్వొచ్చు, అలర్ట్ వచ్చింది కూడా, అలాగే కొట్టేశాను. ఫార్మసీ మేడమ్ ఫోన్ చేసి ఆపారు కాబట్టి సరిపోయింది. ఇప్పటికీ గుర్తొస్తే నిద్ర పట్టదు. అందుకే ప్రాణం మీదకొచ్చే వాటికే అడ్డం పడే పాపప్ పెట్టండి. మిగతా వాటికి టెస్టు పేరు పక్కనే పాత రిజల్టు, తేదీ కనిపిస్తే చాలు, మేమే ఆగుతాం. ఇంకోటి, అడ్మిట్ అయినవాళ్లకి సీబీసీ (రక్తకణాల లెక్క), ఎలక్ట్రోలైట్స్ (సోడియం, పొటాషియం లాంటివి) టెస్టులు "రోజూ" అని ఒక్కసారి నొక్కితే డిశ్చార్జ్ దాకా నడుస్తూనే ఉంటాయి, ఆ ఆప్షన్ తీసేసి ఏ రోజుకారోజు రాయాలి అని పెట్టండి.

కొండాపూర్_కోడర్:
నేను అమెరికా క్లయింట్‌కి ఇదే పని చేస్తాను. అక్కడ 2014లో చట్టమే తెచ్చారు, మెడికేర్ (ముఖ్యంగా పెద్దవయసు వాళ్లకి అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) పేషెంట్‌కి సీటీ, ఎంఆర్‌ఐ లాంటివి రాసేముందు డాక్టర్ ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లో చూసుకోవాలని. దాన్ని బిల్లు క్లెయిమ్‌కి ముడిపెట్టారు, అది ఆచరణలో కుదరక ఏళ్ల తరబడి వాయిదాలు వేసి 2024లో ఆ నిబంధనలు తీసేశారు. నడుంనొప్పికి మొదటి వారమే ఎంఆర్‌ఐ వద్దు అన్న సలహా మాత్రం తప్పు కాదు, కాళ్లలో బలం తగ్గడం, మూత్రం పట్టు తప్పడం, జ్వరం, క్యాన్సర్ చరిత్ర లాంటివి లేకపోతే ఆరు వారాలు ఆగొచ్చు. ఏఐ అని ఎవరైనా అమ్మడానికొస్తే మాత్రం మీ పేషెంట్ల డేటా మీద పరీక్షించి చూపించమనండి. సెప్సిస్‌ని, అంటే ఇన్ఫెక్షన్ వల్ల ప్రాణం మీదకొచ్చే స్థితిని, ముందే కనిపెట్టడానికి అక్కడ బాగా వాడుకలో ఉన్న ఒక కంప్యూటర్ మోడల్‌ని 2021లో మిచిగన్ యూనివర్సిటీ వాళ్లు బయటినుంచి పరీక్షిస్తే మూడింట రెండొంతుల కేసుల్ని అది పట్టుకోలేదని తేలింది.

బిల్లింగ్_అన్న:
తమ్మీ, అందరు డాక్టర్ల గురించే మాట్లాడుతున్రు, పైసల ముచ్చట ఎవ్వరు తీస్తలేరు. ఆరోగ్యశ్రీ కేసుకి ప్యాకేజీ ఫిక్స్, ఒక టెస్టు ఎక్కువైతే ఆస్పత్రికే లాస్, ఆడ నీ సిస్టమ్‌ని అందరు మెచ్చుకుంటరు. క్యాష్ పేషెంట్‌కి టెస్టు తగ్గితే మిగిలేది పేషెంట్‌కి, పడిపోయేది ల్యాబ్ కలెక్షన్. మూడు నెలలకి కలెక్షన్ తగ్గితే ఏమంటరని మీ ఎండీ సార్‌ని ఇప్పుడే అడుగు, లేకుంటే తర్వాత మాట నీ మీదికొస్తది. ఇంకా, మన పేషెంట్లు రిపోర్టులన్ని ప్లాస్టిక్ కవర్ల పెట్టుకొని వస్తరు, బస్తీ దవాఖానల చేయించింది, గల్లీ ల్యాబ్ల చేయించింది అన్ని అండ్లనే ఉంటయి. అవి కంప్యూటర్ల ఎక్కకపోతే పాత రిజల్టు ఏడికెల్లి చూపిస్తది? రిజిస్ట్రేషన్ కాడ ఒక మనిషిని కూసోబెట్టి స్కాన్ చేయించున్రి ముందుగాల.

ఐటీ_దిల్‌సుఖ్‌నగర్:
అన్నా, ఆ కవర్ సంగతి నాకు తట్టనే లేదు, మా నాన్న కవర్ కూడా ఇంట్లో బీరువా మీదే ఉంది, రెండోసారి టెస్టు చేసినప్పుడు ఆయన చేతిలోనే ఉంది, ఎవరూ తెరిచి చూడలేదు. ఇవాళ ఎండీ సార్‌తో కూర్చున్నాను, కలెక్షన్ మాట అడిగితే కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ముందు అడ్మిషన్ కేసుల్లో పెట్టు, ఓపీ సంగతి మూడు నెలలాగి చూద్దాం అన్నారు. స్కానర్‌కి మాత్రం అక్కడికక్కడే సంతకం పెట్టారు. డాక్టర్ గారూ, అడ్డం పడే అలర్ట్‌లు ఏవేవి ఉండాలో మీరొక లిస్ట్ ఇస్తారా, వార్ఫరిన్‌తో మొదలుపెడతాను.