డర్క్‌హైమ్ లెక్కలో మా ఊరు ఎక్కడ పడుతుంది?

నమస్తే అందరికీ. డిగ్రీ దాకా తెలుగు మీడియం, ఇప్పుడు ఎంఏ సోషియాలజీ, క్లాసికల్ థియరీ పేపర్‌లో ఫ్రెంచ్ సోషియాలజిస్ట్ డర్క్‌హైమ్ దగ్గర ఆగిపోయాను. పాత సమాజంలో అందరూ ఒకేలా బతుకుతారు, ఒకటే నమ్మకాలు, అందుకే కలిసుంటారు, అది మెకానికల్ సాలిడారిటీ, ఇప్పుడు తలా ఒక పని కాబట్టి ఒకరి అవసరం ఒకరికి పడి కలిసుంటారు, అది ఆర్గానిక్ అని నోట్స్‌లో ఉంది. కానీ మా తాత ఊరందరి బట్టలు ఉతికేవాడు, పంట రాగానే కళ్లాల దగ్గరికి పోయి మేర, అంటే చేసిన పనికి ధాన్యంలో వాటా, తెచ్చుకునేవాడు. కుమ్మరి, మంగలి, వడ్రంగి అందరిదీ అంతే, ఒకరు లేకపోతే ఇంకొకరికి గడవదు. మరి అది ఆర్గానిక్ అవ్వాలి కదా?

జవాబు 1:
తమ్ముడూ, నోట్స్ పక్కన పెట్టి అసలు పుస్తకం తియ్యి, 1893ది, శ్రమ విభజన మీద రాసింది. చాలామంది మొదటి భాగం చదివి ఆపేస్తారు, నీ ప్రశ్నకి జవాబు మూడో భాగంలో ఉంది. అక్కడ బలవంతపు శ్రమ విభజన అని ఒక చాప్టర్, అందులో కులాల మాట తనే ఎత్తుతాడు. పనులు పంచుకున్నంత మాత్రాన సాలిడారిటీ రాదు, మనిషికి ఏం చేతనవును అన్నదానితో సంబంధం లేకుండా పని అంటగడితే చివరికి గొడవలే అంటాడు. హాల్స్ చేసిన 1984 ఇంగ్లిష్ అనువాదం దొరికితే అది చదువు, 1933 నాటి దానికన్నా తేలిగ్గా ఉంటుంది. రోజుకి నాలుగు పేజీలు చాలు, పేజీకి ఒక వాక్యం తెలుగులో రాసుకో, నేను అలాగే గట్టెక్కాను.

జవాబు 2:
పైన చెప్పింది కరెక్టే కానీ నాకు ఒక దగ్గర ఒప్పుకోబుద్ధి కాదండి. డర్క్‌హైమ్ దాన్ని అసాధారణ రూపాల్లో పెట్టాడు, అంటే దారి తప్పిన కేసు అన్నట్టు. మన దగ్గర వందల ఏళ్లు అదే మామూలు సంగతి కదా. అందుకే అంబేడ్కర్ 1936లో రాసిన కుల నిర్మూలన పక్కన పెట్టుకుని చదవండి. కులం అంటే పని విభజన ఒక్కటే కాదు, పనిచేసేవాళ్లనే విడగొట్టి ఒకరి మీద ఒకరిని మెట్లుగా పేర్చడం అంటాడాయన. ఈ రెండూ కలిపి పరీక్షలో రాస్తే ఆన్సర్‌కి ప్రాణం వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ థాంక్సండీ, ఆ చాప్టర్ చదివాను. ఒప్పందం న్యాయంగా ఉండాలంటే ఇచ్చిపుచ్చుకునేవాటి విలువ సమానంగా ఉండాలి అని ఉంది అందులో. రాత్రి నాన్నని అడిగా, తాతకి మేర ఎంతిచ్చేవాళ్లు అని. రైతు ఎంత కొలిస్తే అంతే, తక్కువైందని అడిగే నోరు ఎక్కడిది మనకి అన్నాడు.